కారు అడుగున తుప్పుతో పట్టేసిన బోల్టులు: దేన్ని కోయాలి, దేన్ని కాపాడాలి

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైనట్టు చెబుతాను. మీది 2008 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. పదేళ్లు విశాఖపట్నంలో, సముద్రపు గాలిలో తిరిగి ఆ తరువాత హైదరాబాదుకు వచ్చింది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు శరీరానికి కలిపే సస్పెన్షన్ చేయి) బుష్‌లు (దాని కీలులో ఉండే రబ్బరు తొడుగులు) మార్పించడానికి కూకట్‌పల్లిలో ఒక గ్యారేజీకి ఇస్తే, సైలెన్సర్ పైపు ఫ్లాంజి (పైపులను కలిపే పలక) దగ్గర ఒక స్టడ్డు (తల లేని బోల్టు) విరిగిపోయింది, లోయర్ ఆర్మ్ వెనుక బోల్టేమో తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదు. మేస్త్రీ గ్యాస్ కటింగ్‌తో అన్నీ కోసేసి, కొత్త బోల్టు పెట్టి దాని తలను ఆర్మ్‌ను పట్టుకునే బ్రాకెట్టుకు వెల్డింగ్ చేసేస్తానంటున్నారు. అది సరైన పనేనా, పాడైన థ్రెడ్లు (బోల్టు బిగిసే మరలు) మళ్లీ పనికి వస్తాయా, లేక కారును అమ్మేయడమే మేలా అన్నది మీ సందేహం.

సూటిగా సమాధానం: కారును అమ్మవలసిన అవసరం లేదు, లోయర్ ఆర్మ్ బోల్టుకు వెల్డింగ్ చేయనివ్వకండి. బోల్టు అంగడిలో దొరికే వస్తువు, దాన్ని కోసి పారేయవచ్చు. ఆ బోల్టు బిగిసే థ్రెడ్డు కారు శరీరంలో ఉంది, అది అంగట్లో దొరకదు. కాబట్టి అడుగు భాగంలో ఏ బోల్టు దగ్గర పని మొదలుపెట్టినా, బోల్టు పోయినా పరవాలేదు గానీ లోపలి థ్రెడ్డు మిగలాలి అన్న లెక్కతోనే పని చేయించండి. ఇరవై రెండేళ్లుగా బాలానగర్ దగ్గర చిన్న షెడ్డు నడుపుతున్నాను. తుప్పు పట్టిన కార్లలో నేను చూసిన నష్టంలో ఎక్కువ భాగం తుప్పు వల్ల కాదు, బోల్టును కాపాడాలన్న తొందరలో బాడీలోని నట్టును పాడుచేయడం వల్ల జరిగింది.

వెల్డింగ్ ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు మధ్యన ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు బ్రాకెట్టు రెండు చెవులూ దగ్గరికి వచ్చి ఆ గొట్టాన్ని కదలకుండా పట్టుకుంటాయి, చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు రబ్బరు మాత్రమే మెలి తిరుగుతుంది. ఆ పట్టు అంతా బోల్టు సాగడం వల్ల వచ్చే బిగింపు బలం నుంచి వస్తుంది. 12 మిల్లీమీటర్ల 8.8 (బలాన్ని చెప్పే అంకె) బోల్టును 80 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే సుమారు మూడు టన్నులకు పైగా బరువుతో నొక్కినంత పట్టు వస్తుంది. తలను వెల్డింగ్ చేస్తే బోల్టు ఊడకుండా ఉంటుందే తప్ప ఆ పట్టు రాదు. గొట్టం బ్రాకెట్టులో ఆడుతూ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి అరగదీస్తుంది. దానికి తోడు, వేడి చేసి చల్లార్చే ప్రక్రియ వల్ల బోల్టుకు వచ్చిన బలం వెల్డింగ్ వేడికి పోతుంది, పక్కనే ఉన్న కొత్త బుష్ రబ్బరు మాడిపోతుంది. స్టీరింగుకూ చక్రానికీ సంబంధించిన చోట ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒప్పుకోదగినది కాదు.

ఇక బోల్టు తిరుగుతోంది గానీ రావడం లేదు అన్న మాట. దీని వెనుక మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు, మూడింటికీ మందు వేరు. చాలా గ్యారేజీలలో ఈ తేడా చూడకుండానే గ్యాస్ తీస్తారు. పరీక్ష తేలికే. బోల్టు తల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, రింగ్ పానాతో నెమ్మదిగా పావు చుట్టు తిప్పి వదలమనండి. గీత మళ్లీ వెనక్కి, మొదటి చోటికి రబ్బరులా లాగినట్టు వస్తే, బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయిందని అర్థం. మీరు తిప్పుతున్నది థ్రెడ్డును కాదు, రబ్బరును. గీత వెనక్కి రాకుండా బోల్టు అదేపనిగా తిరుగుతూ, బాక్సు (నట్టు దాగి ఉన్న, మూసిన రేకు పెట్టె) లోపలి నుంచి చుట్టుకొకసారి టక్కుటక్కుమని చప్పుడు వినిపిస్తే, లోపల వెల్డింగ్ చేసి ఉన్న నట్టు ఊడిపోయి బోల్టుతో పాటు తిరుగుతోంది. చప్పుడేమీ లేకుండా తిరుగుతూ, తల కింద ఉలి పెట్టి కొంచెం ఎత్తి పట్టి తిప్పినప్పుడు తల బయటికి జరిగితే, నట్టులోని థ్రెడ్లు చెరిగిపోయాయి.

మొదటి కారణమే అయితే, అంటే గొట్టానికి అతుక్కుంటే, మీ అదృష్టం. బుష్ ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి దాన్ని కాపాడవలసిన పని లేదు. బుష్‌కూ బ్రాకెట్టు చెవికీ మధ్య ఉన్న సందులో బైమెటల్ రంపపు బ్లేడు పెట్టి, రెండు పక్కలా బోల్టును కోసేయాలి. ఆర్మ్ దానంతటదే కిందికి వస్తుంది. చెవిలో మిగిలిన తల ముక్కను తీసేశాక, నట్టు వైపు మిగిలిన ముక్కకు గొట్టం బాధ ఉండదు కాబట్టి అది ఒంటరిగా తేలిగ్గానే వస్తుంది. గ్రైండరు అక్కడ ఆడదు, ఆడించినా చెవిని కోసేస్తుంది. చేతిరంపంతో గంట పట్టవచ్చు, పట్టనివ్వండి.

రెండవది, నట్టు ఊడి తిరగడం, కొంచెం పెద్ద పని. రెండేళ్ల కిందట ఇలాంటి బండి ఒకటి మా షెడ్డుకు వచ్చింది. వేరే చోట ఇంపాక్టు గన్‌తో (దెబ్బలు కొడుతూ బోల్టును తిప్పే యంత్రం) అదేపనిగా కొట్టడం వల్ల లోపలి నట్టు వెల్డింగులు పగిలిపోయాయి. బాక్సుకు ఒక పక్కన వేలు పట్టేంత రంధ్రం ఉంది. అందులోకి చిన్న టార్చి పెట్టి అద్దంతో చూస్తే నట్టు మూలలు గోడకు గీసుకుని మెరుస్తూ కనిపించాయి, దాని చుట్టూ ఇటుక పొడిలాంటి తుప్పు గుప్పెడు పోగుపడి ఉంది. ఆ రంధ్రంలోంచి సన్నని ఉలిని నట్టుకూ గోడకూ మధ్య దిగ్గొట్టి పట్టుకుందామని చూశాము, ఆగలేదు. అప్పుడు బాక్సు పక్క గోడను మూడు వైపులా కోసి, నాలుగో వైపు కోయకుండా వదిలి, ఆ రేకును కిటికీ తలుపులా బయటికి వంచాము. లోపల నట్టును పానాతో పట్టుకుంటే బోల్టు రెండు నిమిషాలలో వచ్చేసింది. కొత్త నట్టును నాలుగు మిల్లీమీటర్ల పలక మీద వెల్డింగ్ చేయించి, ఆ పలకను లోపల దాని స్థానంలో పెట్టి, సరైన బోల్టును చేత్తో పూర్తిగా ఎక్కించి వరుస సరిచూసిన తరువాతనే పలకను బాక్సుకు అతికించాము. తలుపును మళ్లీ మూసి చుట్టూ వెల్డింగ్ చేసి, పైన జింక్ ప్రైమరు, లోపల మైనపు స్ప్రే కొట్టాము. వెల్డింగ్ పని అన్నది చేయవలసి వస్తే ఇలా నట్టుకు చేయాలి, బోల్టుకు కాదు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయడం, లోపల రబ్బరు, పెట్రోలు పైపులు లేవని చూసుకోవడం మరిచిపోవద్దు.

మూడవది, థ్రెడ్లు చెరిగిపోవడం. తలను ఉలితో ఎత్తి పట్టి తిప్పుతూ పోతే బోల్టు బయటికి వస్తుంది. నట్టు మందంలో సగానికి పైగా థ్రెడ్లు పోయి ఉంటే దాన్ని బాగుచేయడం గురించి ఆలోచించకుండా, పైన చెప్పినట్టే పలకతో కొత్త నట్టు పెట్టించండి. సస్పెన్షన్ బోల్టుకు సగం థ్రెడ్డు చాలదు.

అసలు థ్రెడ్డు ఇలా ఎందుకు చెరుగుతుందో తెలిస్తే మిగతా బోల్టుల దగ్గర ఈ బాధ రాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు మొదటి కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. థ్రెడ్ల మధ్య ఉండే సందు వెంట్రుక మందం. అందులో తుప్పు ఉబ్బితే బోల్టుకూ నట్టుకూ మధ్య మేకు దిగ్గొట్టినట్టే అవుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. వెల్డింగ్ నట్టులోకి ఎక్కిన బోల్టు చివర కొంత భాగం నట్టును దాటి బాక్సు లోపలికి పొడుచుకుని ఉంటుంది. ఆ తోకకు రంగు లేదు, గ్రీజు లేదు, లోపల చేరిన తేమంతా దాని మీదే. బోల్టు విప్పుతున్నామంటే ఆ తుప్పు తోకను మొత్తం మంచి థ్రెడ్ల గుండా లాగుతున్నామన్న మాట. తల దగ్గర వదులయింది కదా అని మురిసిపోయి గన్‌తో ఒక్కసారిగా తీస్తే, ఆ తోక రాపిడి రంపంలా పని చేసి నట్టును తినేస్తుంది. అందుకే నూనె పోయవలసింది తల దగ్గర కాదు, తోక దగ్గర. బాక్సుకు ఉన్న ఏదో ఒక రంధ్రంలోంచి స్ప్రే గొట్టం దూర్చి వెనుక నుంచి తడపాలి. అందితే వైరు బ్రష్‌తో తోకను గీకాలి.

నూనె విషయంలో మా దగ్గరికి వచ్చేవారు దాదాపు అందరూ డబ్ల్యూడీ-40 డబ్బా పట్టుకుని వస్తారు. ఆ పేరులోని రెండు అక్షరాలకు నీటిని తొలగించేది అని అర్థం, 40 అన్నది నలభయ్యవ ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం అని. 1953లో అమెరికాలో తయారైన నాడు దాని పని తేమ నుంచి లోహాన్ని కాపాడటమే. అదే కంపెనీ, ఇంకా ఇతర కంపెనీలు పట్టేసిన బోల్టుల కోసమే ప్రత్యేకంగా పెనెట్రేటింగ్ ఆయిల్ అమ్ముతాయి, అది కొనండి. ఏ నూనె అయినా పనిచేసేది సమయం ఇచ్చినప్పుడే. నేనైతే బండిని సాయంత్రం లేపి, వైరు బ్రష్‌తో మట్టి, పొరలు రాల్చి, నూనె కొట్టి, తలకు సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు వేసి వదిలేస్తాను. రాత్రి పడుకునే ముందు మరోసారి, పొద్దున మరోసారి. ఆ దెబ్బల అదురుకు నూనె దిగే దారులు తెరుచుకుంటాయి. మరునాడు థ్రెడ్డు అంచున ఎర్రటి నూనె చెమటలా ఉబికి కనిపిస్తే లోపలికి చేరిందని నమ్మకం.

విప్పేటప్పుడు ఆరు మూలల సాకెట్టే వాడాలి. పన్నెండు మూలలది తుప్పుతో సన్నబడిన తల మీద జారి మూలలు గుండ్రం చేస్తుంది. ముందుగా విప్పే వైపు కాక బిగించే వైపు ఒక్క రవ్వంత కదిలించి చూడండి, అటు కదిలితే ఇటూ వస్తుంది. వదులయ్యాక అరచుట్టు బయటికి, పావుచుట్టు లోపలికి, కొంచెం నూనె, మళ్లీ అరచుట్టు. బోల్టు కీచుమంటూ వస్తే మంచిదే. చప్పుడు లేకుండా పానా మెత్తగా, బంకమట్టిలో తిరిగినట్టు కదిలితే వెంటనే ఆగాలి, అక్కడ తిరుగుతున్నది థ్రెడ్డు కాదు, బోల్టు మెడ మెలి తిరుగుతోంది. ఇంకో పావుచుట్టుకు విరుగుతుంది. ఈ తేడా చేతికి తెలియాలంటే గన్ పక్కన పెట్టి పొడవాటి పానా పట్టాల్సిందే. గన్ వాడవద్దని అనడం లేదు. బయటి నట్టు ఉన్న చోట దాని చిన్న చిన్న దెబ్బలు బాగా పనికొస్తాయి, లోపల వెల్డింగ్ నట్టు ఉన్న చోట మాత్రం తక్కువ బలంతోనే వాడాలి.

అప్పటికీ కదలకపోతే వేడి. వేడి చేయవలసింది నట్టును, బోల్టును కాదు. నట్టు వ్యాకోచిస్తే పట్టు సడలుతుంది, బోల్టు వ్యాకోచిస్తే ఇంకా బిగుస్తుంది. ఎర్రబారేంత వేడి చేసిన బోల్టునూ నట్టునూ తిరిగి వాడకూడదు. వేడి మీద ఉన్నప్పుడే కొవ్వొత్తి మైనాన్ని థ్రెడ్డు అంచుకు తాకిస్తే అది కరిగి లోపలికి పాకుతుంది, చల్లారే సమయంలో తిప్పితే చాలాసార్లు వస్తుంది. మంట వాడే ముందు పెట్రోలు ట్యాంకు, బ్రేకు హోసులు, ఎల్పీజీ లేదా సీఎన్జీ పైపులు ఎంత దూరంలో ఉన్నాయో చూడకుండా ఎవరినీ గ్యాస్ టార్చి వెలిగించనివ్వకండి. అంతకు ముందు బ్రేకు క్లీనరుతో కడిగి ఉంటే అది పూర్తిగా ఆరిపోవాలి. క్లోరిన్ కలిసిన క్లీనర్లు మంటకు తగిలితే ప్రాణాంతకమైన ఫాస్‌జీన్ వాయువు పుడుతుంది. ఇప్పుడు రాగి తీగ చుట్టతో పనిచేసే ఇండక్షన్ హీటర్లు వచ్చాయి, నట్టును మాత్రమే వేడి చేస్తాయి, మంట ఉండదు. మా షెడ్డులో ఒకటి కొన్నాక గ్యాస్ టార్చి వాడకం సగానికి పైగా తగ్గింది.

సైలెన్సర్ దగ్గర విరిగిన స్టడ్డు సంగతి దీనికంటే తేలిక. అక్కడ ఫ్లాంజి అటూ ఇటూ తెరిచి ఉన్న పలకే అయితే, మిగిలిన ముక్కను డ్రిల్ చేసి తీసేసి, ఆ రంధ్రంలో బోల్టూ నట్టూ వేసుకోవచ్చు, థ్రెడ్డే అక్కర్లేదు. అక్కడ నైలాన్ రింగు ఉన్న నట్టు పెట్టకూడదు, వేడికి కరుగుతుంది. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్టు కావాలి. స్టడ్డు కన్వర్టరులోకో (పొగను శుద్ధి చేసే డబ్బా) మేనిఫోల్డులోకో (ఇంజను నుంచి పొగను తెచ్చే గొట్టం) దిగి ఉంటే, విరిగిన ముక్క మీద దానికంటే కొంచెం పెద్ద నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి మిగ్ వెల్డింగ్‌తో నింపి రెండింటినీ కలపాలి. వెల్డింగ్ వేడి తుప్పును వదిలిస్తుంది, తిప్పడానికి కొత్త తల కూడా దొరుకుతుంది. ఎర్రదనం పోయి నల్లబడ్డాక, ఇంకా వేడి ఉండగానే అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి. ఒకటి రెండుసార్లు నట్టు ఊడి రావచ్చు, మళ్లీ అతికించండి. నాకు నాలుగోసారి వచ్చిన సందర్భాలున్నాయి.

ఈజీ-అవుట్ అనే ఎక్స్‌ట్రాక్టరును తుప్పుతో పట్టేసిన బోల్టులో వాడనివ్వకండి. తల ఉన్నప్పుడు పెద్ద పానాకు లొంగని బోల్టు, మధ్యలో దిగిన సన్నని ఎక్స్‌ట్రాక్టరుకు లొంగదు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని తాకలేదు, అంత గట్టి ఉక్కు. అప్పుడిక కార్బైడ్ బిట్టుతోనో, భాగాన్ని విప్పి స్పార్క్ మెషీనులో (విద్యుత్ రవ్వలతో లోహాన్ని తొలిచే యంత్రం) పెట్టించో తీయాలి. బాలానగర్‌లో ఆ పని చేసే షాపులున్నాయి గానీ, ఒక సైలెన్సర్ స్టడ్డు కోసం అంత దూరం రావలసిన అగత్యం ఎందుకు తెచ్చుకోవాలి?

బోల్టు బయటికి వచ్చాక లోపలి థ్రెడ్డును బాగుచేయడం. చూడగానే ట్యాప్ దించడం మా వృత్తిలో ఉన్న అలవాటు, అది మంచిది కాదు. ట్యాప్ కోసే పనిముట్టు, తుప్పుతో పాటు మంచి లోహాన్ని కూడా కొంత కోసుకుపోతుంది, థ్రెడ్డు వదులవుతుంది. థ్రెడ్ చేజర్ అన్నది వేరు, అది శుభ్రం చేసి వంగిన అంచులను సరిదిద్దుతుంది. దొరకకపోతే తయారు చేసుకోవచ్చు. అదే సైజు, అదే పిచ్ (థ్రెడ్డుకూ థ్రెడ్డుకూ మధ్య దూరం) ఉన్న కొత్త బోల్టు తీసుకుని, దాని థ్రెడ్ల మీద నిలువుగా మూడు చోట్ల సన్నని గ్రైండరు డిస్కుతో గాడి కోసి, మొనను కొంచెం కోసుగా రుద్దితే చాలు. నూనె రాసి చేత్తో ఎక్కిస్తూ, బరువు తగిలినప్పుడల్లా వెనక్కి తిప్పుతూ పోతే, గాళ్లలో నల్లటి ముద్దగా తుప్పు చేరుకుని బయటికి వస్తుంది. తుడిచి మళ్లీ దించాలి. చివరికి మంచి బోల్టు వేళ్లతోనే అడుగు దాకా ఎక్కితే ఆ థ్రెడ్డు బతికినట్టే.

పిచ్ విషయంలో పొరపాటు పడితే బాగున్న థ్రెడ్డు కూడా పోతుంది. ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టు అని రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే సాధారణంగా 1.5 పిచ్ చేతిలో పెడతారు. మారుతితో సహా జపాన్ పద్ధతి కార్లలో ఎం10కు 1.25 పిచ్ ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ మొదటి రెండు చుట్లు చేత్తో ఎక్కుతాయి, మూడో చుట్టులో బిగుస్తుంది. అక్కడ తుప్పు అడ్డం వచ్చిందనుకుని పానా వేస్తారు, కథ ముగుస్తుంది. పాత బోల్టును వెంట తీసుకువెళ్లి, పిచ్ గేజీతో సరిచూసుకుని కొనండి.

థ్రెడ్డు పూర్తిగా పోయి, చుట్టూ తగినంత మందం ఉన్న చోట, ముఖ్యంగా గేర్‌బాక్సు, ఇంజను లాంటి అల్యూమినియం భాగాలలో, హెలికాయిల్ మంచి మందు. ఎం8 థ్రెడ్డుకు 8.3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కిట్టులో వచ్చే ప్రత్యేకమైన ట్యాప్ దించి, స్టెయిన్‌లెస్ తీగ చుట్టను ఎక్కించాలి. చుట్ట పొడవు బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉంటే మంచిది. అల్యూమినియంలో అసలు థ్రెడ్డు కంటే ఇదే గట్టిగా ఉంటుంది. రేకు మందం ఉన్న బ్రాకెట్లలో, సన్నని వెల్డింగ్ నట్టులలో దీనికి చోటు లేదు. ఒక సైజు పెద్ద బోల్టుకు ట్యాప్ చేసేయడం అన్నది సైలెన్సర్ హ్యాంగరుకో మడ్ గార్డుకో పరవాలేదు, సస్పెన్షన్‌లో కుదరదు, బుష్ గొట్టంలో పెద్ద బోల్టు పట్టదు.

కొత్త బోల్టు కొనేటప్పుడు తల మీద అంకెలు చూడండి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుంది, అందులో 80 శాతం, అంటే 640 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 10.9కు ఆ అంకెలు 1000, 900. పాతది 10.9 అయితే 8.8 పెట్టకూడదు. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ బోల్టులు కొని తెచ్చేవారు చాలామంది ఉన్నారు, వారి ఉద్దేశం మంచిదే. కానీ మామూలుగా దొరికే ఏ2-70 రకం 450 దగ్గరే సాగిపోతుంది. పైగా స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ నట్టులో బిగిస్తుండగానే అతుక్కుపోయే గుణం ఉంది. నంబరు ప్లేటుకు వాడండి, చక్రాన్ని మోసే చోట వద్దు. సస్పెన్షన్ బోల్టులకు కంపెనీ పార్ట్ నంబరుతో కొనడమే క్షేమం.

పాత బోల్టులను యాసిడ్‌లో వేసి తెల్లగా చేసి తిరిగి పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. బాత్రూము యాసిడ్ తుప్పుతో పాటు ఉక్కునూ తినేటప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి చేరి దాన్ని పెళుసు చేస్తుంది. బోల్టు ఎంత బలమైనదైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ. బిగించినప్పుడు బాగానే ఉండి, కొన్ని గంటలకో కొన్ని రోజులకో బరువు మీద ఉండగా తల తెగి పడవచ్చు. పాత బోల్టు మెరుస్తోందంటే కొత్తదైందని కాదు, దయచేసి ఆ పని చేయనివ్వకండి.

బిగించేటప్పుడు థ్రెడ్లకు రాగి యాంటీ సీజ్ పేస్టు పలుచగా రాయించండి, తరువాత ఎప్పుడు విప్పినా బోల్టు మాట వింటుంది. అయితే పేస్టు వల్ల రాపిడి తగ్గుతుంది కాబట్టి, పొడి థ్రెడ్డుకు చెప్పిన టార్క్‌నే (బిగించేటప్పుడు తిప్పే బలం) వేస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. నేను ఇరవై శాతం దాకా తగ్గిస్తాను. చక్రాల నట్లకు, బ్రేకు కాలిపర్ గైడ్ పిన్నులకు ఈ పేస్టు వాడను. పిన్నులకు సిలికాన్ గ్రీజు కావాలి.

లోయర్ ఆర్మ్ విషయంలో ఇంకొక మాట, చాలా గ్యారేజీలలో చేయనిది. బుష్ బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే జరగాలి. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే బుష్ రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, ఏడాది తిరగకుండా చీలుతుంది. ఆ తరువాత అలైన్‌మెంట్ తప్పనిసరి.

బ్రేకు పైపుల నట్లు కూడా తుప్పు పట్టి ఉంటే ఇప్పుడు వాటి జోలికి పోకండి. ఆ నట్టు పైపుకు అతుక్కుని ఉంటుంది, బలవంతంగా తిప్పితే పైపు జంతికలా మెలిపడి తెగుతుంది. మార్చవలసి వస్తే పైపుతో సహా మార్చాలి.

కారు ఉంచుకోవాలా అన్న ప్రశ్నకు బోల్టులను బట్టి కాదు, రేకును బట్టి నిర్ణయించండి. కారు లిఫ్టు మీద ఉన్నప్పుడే సబ్‌ఫ్రేము (అడుగున ఉండే మోత చట్రం), బాక్సు సెక్షన్లు, జాకీ పెట్టే అంచులు చిన్న సుత్తితో తట్టించండి. ఖంగుమంటే మంచి లోహం. డొల్లగా, మెత్తగా పలికితే స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. అది దిగబడితే మీ సమస్య బోల్టు కాదు, అప్పుడు అమ్మకం గురించి ఆలోచించవచ్చు. సముద్రతీరంలో తిరిగిన బండ్లలో మట్టి పేరుకున్న మూలల దగ్గర ఇది ముందుగా కనిపిస్తుంది. హైదరాబాదులో ఉప్పు గాలి లేదు గానీ, సెల్లారులో బోరు నీటితో కడిగి తడిగానే వదిలేసే అలవాటు ఉంది. ఆ నీటిలోని లవణాలు ఎండి సందుల్లో మిగులుతాయి. వానాకాలం ముగిశాక ఒకసారి అడుగు భాగాన్ని మంచినీటితో మట్టి పోయేలా కడిగించి, ఆరిన తరువాత బోల్టు తలలకూ తోకలకూ మైనపు స్ప్రే కొట్టించండి.

ఈ పని ఇంటి దగ్గర ఎవరైనా మొదలుపెడితే, జాకీ ఒక్కదాని మీద నమ్మకంతో బండి కిందికి దూరవద్దు, స్టాండులు వేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి. మా దగ్గర పనిచేసే కుర్రవాడి కంట్లో తుప్పు పెచ్చు పడి కంటి ఆసుపత్రిలో తీయించవలసి వచ్చింది, ఆ రోజు నుంచి అద్దాలు లేకుండా ఎవరినీ బండి కిందికి పంపడం లేదు.

మీ మేస్త్రీతో గొడవపడవలసిన పని లేదు. గ్యాస్ పక్కన పెట్టి, ముందుగా సుద్ద గీత పరీక్ష చేయమని అడగండి. గీత వెనక్కి వచ్చిందా, లోపల చప్పుడు వినిపించిందా, తల బయటికి జరిగిందా అన్నది, బాక్సు పక్కన రంధ్రం ఎక్కడుందో చూపే ఒక ఫోటోతో పాటు ఇక్కడ పెట్టండి. కోయవలసే వస్తే ఏ వైపు నుంచి కోస్తే బలం తగ్గదో చూసి చెబుతాను.